పని తెలియని ఓనరు, పని తెలిసిన మనుషులు: ఎంత నేర్చుకుంటే సరిపోతుంది?

వేములపల్లి మిల్లు

అందరికీ నమస్కారం. మిర్యాలగూడ దగ్గర మాకు వాటా ఉన్న ఉప్పుడు బియ్యం మిల్లు ఒకటుంది. ఇన్నాళ్లూ మా నాన్నగారు చూసుకున్నారు. ఇప్పుడు ఆయన ఆరోగ్యం బాగాలేదు, మిగతా పార్ట్‌నర్లు హైదరాబాద్‌లో ఉంటారు. అందుకని బాధ్యత నా మీద పడింది. నేను చదివింది బీకాం, చేసింది బ్యాంకు ఉద్యోగం. లెక్కలు చూడగలను కానీ మిల్లు లోపల ఏ మెషిన్ ఏం చేస్తుందో పైపైనే తెలుసు.

మిల్లు అంతా ముగ్గురి మీద నడుస్తుంది. మిల్లు ఆపరేటర్, బాయిలర్ చూసే ఆయన, రంగు మారిన గింజలను ఏరే సార్టెక్స్ మెషిన్ దగ్గరుండే అబ్బాయి. ముగ్గురూ పనిమంతులని నాన్న చెప్తారు, నాకూ అనుమానం లేదు. అయితే ఈ మధ్య నూక బాగా పెరిగింది. ఆపరేటర్‌ను అడిగితే "వడ్లే అట్లున్నయి మేడమ్" అంటాడు. వడ్లు కొన్న గుమాస్తాను అడిగితే "వడ్లకేం కాలేదు, మెషిన్ చూసుకోమనండి" అంటాడు. ఎవరి మాట నిజమో తేల్చే తెలివి నాకు లేదు. మెషిన్ దగ్గర నిలబడి చూద్దామంటే, నన్ను నమ్మట్లేదా అన్నట్టు మొహం పెడతారు.

నా ప్రశ్న ఇదొక్కటే. మనకు రాని పని చేసేవాళ్లను పెట్టుకున్నప్పుడు ఆ పని మనం ఎంతవరకు నేర్చుకోవాలి? పూర్తిగా నేర్చుకోవాలంటే ఏళ్లు పడుతుంది. అసలేమీ నేర్చుకోకుండా వాళ్ల మీద వదిలేయలేను.

జడ్చర్ల హైవే హోటల్

మేడమ్, నా మాట కటువుగా అనిపిస్తే ఏమీ అనుకోకండి. పూర్తిగా నేర్చుకోవాల్సిందే. హోటల్ లైన్‌లో వంట రాని ఓనరు మాస్టర్ దగ్గర జీతగాడే. 44వ నంబరు హైవే పొడుగునా చూడండి, మాస్టర్ మారగానే మూతపడ్డ హోటళ్లు ఎన్ని కనిపిస్తాయో. మాస్టర్లు ముందుగా అడ్వాన్స్ తీసుకుంటారు. పక్క హోటల్ వాళ్లు ఇంకో ఐదు వేలు ఎక్కువిస్తామంటే పండగ ముందు రోజు ఫోన్ ఆపేస్తారు.

నేను ముందు కిచెన్‌లోనే చేరాను. ఉల్లిగడ్డ కోయడం నుంచి దమ్ వేయడం దాకా నేర్చుకున్నాకే గల్లా దగ్గర కూర్చున్నాను. ఈ రోజు మా మాస్టర్ రాకపోయినా మధ్యాహ్నం బిర్యానీ ఆగదు. ఆ సంగతి మాస్టర్‌కూ తెలుసు. అందుకే మా ఇద్దరి మధ్య గౌరవం ఉంది.

పుట్టపాక రంగులు

నేను ఓనర్ని కాదు, పనివాణ్ని. నూలుకు, పట్టుకు రంగులద్దుతాను. మా ఇంట్లో చిటికి కట్టడం (ఇక్కత్ డిజైన్ కోసం నేతకు ముందే నూలుకు ముడులు కట్టి రంగులద్దడం) తాతల నాటి నుంచీ ఉంది. హోటలన్న చెప్పింది ఆయన పనికి సరిపోతుందేమో గానీ అన్నిటికీ సరిపోదు. మా పని నేర్చుకున్నాకే షావుకారు దుకాణం తెరవాలంటే ఆయన ముసలివాడైపోతాడు.

నేను ఇద్దరు షావుకార్ల దగ్గర పనిచేశాను. మొదటి ఆయన ఎక్కడో చూసి సగం నేర్చుకుని వచ్చాడు. "నీళ్లు ఇంత వేడి ఎందుకు, రంగులో ఇంతసేపు ఎందుకు, గ్యాస్ దండగ" అని రోజూ తల మీద నిలబడేవాడు. చెప్పినట్టు చేస్తే రంగు పట్టదు, చేయకపోతే మాట వినలేదని కోపం. చీర మొదటి ఉతుక్కే రంగు వదిలితే మళ్లీ నాకే మాట.

రెండో ఆయనకు చిటికి కట్టడం రాదు, మగ్గం ఎక్కడం రాదు. కానీ చీర చూడటం వచ్చు. చీర తిప్పి వెనక వైపు చూస్తాడు. అసలు ఇక్కత్ అయితే డిజైన్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, ప్రింటయితే వెనక వెలిసినట్టు ఉంటుంది. తెల్ల గుడ్డ తడిపి ముదురు రంగు మీద గట్టిగా రుద్దుతాడు. గుడ్డకు రంగు అంటితే ఆ లాటు పక్కన పెట్టేస్తాడు. పువ్వు అంచు దగ్గర పడుగు, పేక కలవక మసకబారితే వేలు పెట్టి చూపించి "ఇది కట్టు దగ్గర జారిందా, నేత దగ్గర జారిందా?" అని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నకు ఆయన దగ్గర అబద్ధం చెప్పబుద్ధి కాదు. నేను ఇప్పటికీ ఆయన దగ్గరే ఉన్నాను.

అమ్మా, మీరు మిల్లు నడపడం నేర్చుకోనక్కర్లేదు. బియ్యం చూడటం నేర్చుకోండి.

పాత హస్కర్

హుజూర్‌నగర్, మిర్యాలగూడ మిల్లుల్లో జీవితమంతా ఆపరేటర్‌గా చేసి ఇప్పుడు ఇంటి దగ్గర ఉంటున్నాను. పుట్టపాక తమ్ముడు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. అయితే బియ్యం చూడటమంటే ఎట్లాగో కూడా చెప్పాలి కదా. కొంచెం పొడుగవుతుంది, ఓపికగా చదువుకో అమ్మా.

ముందు నూక అంటే ఏంటో తెలుసుకో. నిండు గింజ పొడవులో మూడొంతుల కంటే తక్కువ ఉన్న ముక్క నూక కింద లెక్క. వంద గ్రాముల బియ్యం తూకం వేసి, నూక ఏరి, ఆ నూకను మళ్లీ తూకం వేస్తే శాతం వచ్చేసినట్టే. చాలా ఏళ్లుగా కేంద్రం తరఫున బియ్యం తీసుకునే ఎఫ్‌సీఐ ప్రమాణాల్లో పచ్చి బియ్యానికి 25 శాతం, ఉప్పుడు బియ్యానికి 16 శాతం దాకా నూకను ఒప్పుకుంటూ వచ్చారు. సర్కారు వడ్లు పట్టించి ఇస్తే క్వింటాలుకు 67 కిలోల పచ్చి బియ్యం లేదా 68 కిలోల ఉప్పుడు బియ్యం అప్పజెప్పాలి. ఈ నాలుగు అంకెలూ గుర్తుంటే ఎవరు ఏ మాట చెప్పినా ఒక కొలత నీ దగ్గర ఉంటుంది.

ఇక వడ్లదా తప్పు, మెషిన్‌దా అనే సంగతి. యాసంగి వడ్లకు కోత ముందు ఎండదెబ్బకు లోపల సన్న పగుళ్లు వస్తాయి. పచ్చిగా పట్టిస్తే నూకే నూక. 2021, 2022లో ఉప్పుడు బియ్యం తీసుకోవడంపై కేంద్రానికి, రాష్ట్రానికి మధ్య అంత గొడవ జరగడానికి ఇదీ ఒక కారణం. అదే వడ్లు నానబెట్టి ఆవిరి పట్టిస్తే గింజలోని పిండి ఉడికి పగులు అతుక్కుంటుంది. కాబట్టి ఉప్పుడు మిల్లులో నూక పెరిగితే "వడ్లే అట్లున్నయి" అనే మాటను సగమే నమ్మాలి. రెండు మూడు రకాల వడ్లు కలిపేసి ఒకే ట్యాంకులో నానబెడితే మాత్రం వడ్ల తప్పు ఉంటుంది. ఒకటి ఉడుకుతుంది, ఒకటి ఉడకదు. ఉడకని గింజ నడుమ తెల్లగా ఉంటుంది, అది అక్కడే విరుగుతుంది.

ఇట్లా చెయ్యి. డ్రయర్ నుంచి దిగిన వడ్లు పిడికెడు తీసుకుని చేత్తో పొట్టు ఒలిచి వెలుతురుకు పట్టి చూడు. అక్కడే గింజ మీద అడ్డగీతలు కనిపిస్తే కారణం ఆరబెట్టడంలో ఉంది. అక్కడ బాగుండి, పొట్టు తీసే హస్కర్ దాటాక ముక్కలు కనిపిస్తే రబ్బరు రోళ్ల దగ్గర ఉంది. రెండు రోళ్లలో ఒకటి వేగంగా, ఒకటి నెమ్మదిగా తిరుగుతాయి. వేగంగా తిరిగేది ముందు అరుగుతుంది, కొంత అరిగాక రెండింటినీ ఒకదాని చోట ఒకటి మార్చి బిగించాలి. అది చేయకుండా గ్యాప్ బిగించుకుంటూ పోతే పొట్టు ఊడుతుంది గానీ గింజ నలుగుతుంది. హస్కర్ దగ్గరా బాగుంటే, తవుడు తీసి బియ్యాన్ని తెల్లగా చేసే వైటనర్, పాలిషర్ తర్వాత చూడు.

మెషిన్ మెషిన్ మధ్య పిడికెడు పిడికెడు తీసి తెల్ల కాగితం మీద వరసగా పోయి. నీ కళ్లకే కనిపిస్తుంది. ఇంకో మాట, నీ ఆపరేటర్‌ను పక్కన పెట్టుకునే ఈ పని చెయ్యి, ఆయన లేనప్పుడు చేయకు. ఆయన చేత్తోనే శాంపిల్ తీయించు.

వేములపల్లి మిల్లు

పెద్దాయనా, ఎంత విలువైన మాటలు చెప్పారు! ఇంత వివరంగా నాకు మిల్లులో ఎవరూ చెప్పలేదు. నేను ఎవరినీ అడగనూ లేదు. రేపే చూస్తాను.

మహబూబ్‌నగర్ ల్యాబ్

మేడమ్, మాది డయాగ్నొస్టిక్ సెంటర్. నేను డాక్టర్ని కాదు, టెక్నీషియన్ని కాదు. రిపోర్టు మీద సంతకం పాథాలజిస్టుది, మెషిన్ మీద పని టెక్నీషియన్లది. అయినా రిపోర్టు తప్పొస్తే జనం వచ్చి అడిగేది నన్నే.

మేం రెండు పనులు చేస్తాం. విలువ ముందే తెలిసిన కంట్రోల్ శాంపిల్‌ను పొద్దున పేషెంట్ల శాంపిళ్ల కంటే ముందు మెషిన్‌లో పెట్టి, వచ్చిన అంకెను రిజిస్టర్‌లో రాస్తారు. అంకె హద్దు దాటితే మెషిన్ సరిచేసేదాకా ఆ టెస్టు ఆపుతాం. ఇక అప్పుడప్పుడు ఒకే రక్తం శాంపిల్‌ను రెండు నంబర్లతో లోపలికి పంపుతాం. రెండు రిపోర్టులూ దగ్గర దగ్గరగా రావాలి. షుగర్ టెస్టు ఎలా చేస్తారో నాకు రానక్కర్లేదు. రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడటం వస్తే చాలు.

పుట్టపాక రంగులు

ల్యాబ్ సార్, ఆ రెండు నంబర్ల సంగతి మీ టెక్నీషియన్లకు ముందే చెప్తారా, దొంగచాటుగా చేస్తారా? దొంగచాటుగా అయితే పనివాడి మనసు విరుగుతుంది. మా దాంట్లో ఒకసారి అట్లా జరిగింది. మంచి అద్దకందారు ఆ రోజే పని వదిలి వెళ్లిపోయాడు.

మహబూబ్‌నగర్ ల్యాబ్

చేరిన రోజే చెప్తాం. ఇలా పంపుతుంటామని తెలుసు, ఎప్పుడు పంపుతామో తెలియదు. మా సీనియర్ టెక్నీషియన్‌కైతే అది ఇష్టం కూడా. కొత్త పిల్లల పని ఎలా ఉందో ఆమెకూ దాని వల్లే తెలుస్తుంది.

పాలమూరు లెక్కలు

పైన అందరూ యంత్రాల గురించే మాట్లాడుతున్నారు. నేను చిన్న వ్యాపారుల జీఎస్టీ లెక్కలు చూస్తాను. మా వైపు నుంచి కూడా వినండి.

అకౌంటెంట్‌ను పెట్టుకున్న ఓనరుకు జీఎస్టీ చట్టం రావాల్సిన పని లేదు. మూడు విషయాలు మాత్రం సొంతంగా చూడటం రావాలి. నెలనెలా రిటర్నులు వేసేవాళ్లయితే 11వ తేదీలోపు జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్), 20వ తేదీలోపు 3బి (పన్ను కట్టే రిటర్న్) పడ్డాయా అని పోర్టల్ తెరిచి చూసుకోవాలి. అకౌంటెంట్ "వేశాను సార్" అన్న మాట వేరు, పోర్టల్‌లో ఫైల్ అయినట్టు కనిపించడం వేరు. రెండోది, 14న పోర్టల్‌లో వచ్చే 2బి, అంటే మనకు అమ్మినవాళ్లు చూపించిన బిల్లుల లిస్టు. సరుకు అమ్మినవాడు తన రిటర్న్‌లో మన బిల్లు చూపించకపోతే ఆ ట్యాక్స్ మనం ఇన్‌పుట్ కింద తీసుకోలేం, అంటే మనం కట్టాల్సిన దాంట్లోంచి తగ్గించుకోలేం. ఎవరెవరి బిల్లులు రాలేదో లిస్టు అడగండి, ఐదు నిమిషాల పని.

మూడోదే అన్నిటికన్నా ముఖ్యం. రిజిస్ట్రేషన్‌లో ఉన్న ఫోన్ నంబరు, మెయిలు ఎవరివి? ఊళ్లలో చాలా చోట్ల అకౌంటెంట్ నంబరే ఉంటుంది, ఓటీపీ ఆయనకే వెళ్తుంది. ఆయన మంచివాడే కావచ్చు. రేపు ఆయనకు ఏదైనా అయితే, మనస్పర్థ వస్తే, మన వ్యాపారం తాళంచెవి మన చేతిలో ఉండదు. నా దగ్గరకు వచ్చే ప్రతి ఒక్కరికీ ముందు మీ నంబరు పెట్టించుకోండి, తర్వాతే నాకు ఫీజు ఇవ్వండి అని చెప్తాను.

గద్వాల అంచు

అన్నా, ఈ తాళంచెవి మాట మా ఇంట్లో జరిగిందే. మేం గద్వాల చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతాం. వెబ్‌సైట్ చేసిన అబ్బాయి డొమైన్‌ను, అంటే సైట్ అడ్రసును, తన పేరు మీద కొన్నాడు. రెన్యువల్ టైంకు ఫోన్ ఎత్తలేదు. దసరా ముందు సైట్ పోయింది, ఆర్డర్లన్నీ వాట్సాప్‌లో చేతితో రాసుకున్నాం. కొత్త సైట్ చేయించాం. కోడింగ్ నాకు ఇప్పటికీ రాదు. డొమైన్, హోస్టింగ్, పేమెంట్ గేట్‌వే మూడూ నా పేరు మీద, నా కార్డు మీద ఉన్నాయి. కొత్త డెవలపర్‌ను నెలకోసారి బ్యాకప్ ఫైల్ పంపమంటాను, వచ్చిందో లేదో చూస్తాను. వేములపల్లి అక్కకు ఇది పనికొస్తుందో లేదో గానీ చెప్పాలనిపించింది.

జడ్చర్ల హైవే హోటల్

అందరి మాటలూ చదివాను. గౌరవంతోనే చెప్తున్నాను, నాకింకా సందేహం పోలేదు. చీర తిప్పి చూడొచ్చు, బియ్యం కాగితం మీద పోయొచ్చు. తప్పు కనిపించాక ఏం చేస్తారు? సరిచేయడం ఆయన చేతిలోనే ఉంటే మళ్లీ ఆయన దయే కదా. చెడిందని తెలియడం ఒకటి, బాగు చేసుకోగలగడం ఒకటి. మా దగ్గర మసాలా తూకాలు రాసి పెట్టి, పొద్దున్నే ప్యాకెట్లు కడతాం. మాస్టర్ మారినా రుచి పెద్దగా మారదు. పని మనిషి చేతిలోంచి కాగితం మీదికి రావాలని నేనంటాను.

పాత హస్కర్

హోటల్ బాబూ, కాగితం మీదికి రావాలన్న మాటతో నేను ఏకీభవిస్తాను. మంచి మిల్లుల్లో లాగ్ బుక్ ఉంటుంది. ఎంతసేపు నానబెట్టారు, డ్రయర్ గాలి ఎంత వేడి, దిగేటప్పుడు తేమ ఎంత, రోళ్లు ఎప్పుడు మార్చారు, అన్నీ రాస్తారు. కానీ వడ్లు రోజూ ఒకేలా రావు. పుస్తకం నిన్నటి వడ్ల సంగతి చెప్తుంది, ఇవాళ్టి వడ్లకు ఎంత తిప్పాలో ఆపరేటర్ చెయ్యే చెప్తుంది. అందుకని ఆయన కింద ఒక కుర్రాడిని తయారుచేయించాలి. నేర్పినందుకు ఆయనకు విడిగా డబ్బులివ్వాలి. ఊరికే నేర్పమంటే ఎవరూ నేర్పరు, నేనైనా నేర్పేవాణ్ని కాదు. నేర్పితే నా పోస్టుకే ఎసరొస్తుందన్న భయం ఉంటుంది. నేర్పినా నీ జీతం తగ్గదని ఓనరు నోటితో చెప్పాలి.

మర్రిగూడ నీళ్లు

నేను వాటర్ ప్లాంటు నడుపుతాను. మా వైపు ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే, నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. ప్లాంటు టెక్నీషియన్ వచ్చి టీడీఎస్ మీటర్ ముంచి "బాగున్నయి" అంటాడు. టీడీఎస్ మీటర్ నీళ్లలో కరిగిన లవణాల మొత్తం చూపిస్తుంది, అందులో ఫ్లోరైడ్ ఎంతో విడిగా చెప్పదు. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా అని ప్రమాణం. అది తెలియాలంటే శాంపిల్ ల్యాబ్‌కు పంపాల్సిందే. నేను నేర్చుకున్న టెక్నికల్ విషయం ఇదొక్కటే. నీళ్లు వడగట్టే మెంబ్రేన్ మార్చడం నాకు రాదు, నేర్చుకునే ఉద్దేశం కూడా లేదు. కానీ ఏ కొలత దేన్ని చెప్తుందో, దేన్ని చెప్పదో ఓనరుకు తెలియకపోతే ఊరి పిల్లలు ఆ నీళ్లు తాగుతారు.

వేములపల్లి మిల్లు

అందరికీ ధన్యవాదాలు. చూసి వచ్చాను, ఏం జరిగిందో చెప్తాను.

ఆపరేటర్‌ను పిలిచి, ఒక పెద్దాయన ఇలా చూడమన్నారు, మీరే శాంపిల్ తీయండి అన్నాను. ముందు మొహం ముడుచుకున్నాడు. కాగితం మీద నాలుగు కుప్పలు పోశాక ఆయనే వంగి చూడటం మొదలుపెట్టాడు. డ్రయర్ నుంచి దిగిన వడ్లు ఒలిస్తే గింజల మీద అడ్డగీతలు స్పష్టంగా ఉన్నాయి. హస్కర్ దగ్గర ముక్కలు ఇంకాస్త పెరిగాయి. వైటనర్ తర్వాత కుప్పలో చాలా వరకు నూకే.

అప్పుడు ఆయన అసలు మాట చెప్పాడు. ఇంతకుముందు వడ్లను ఒక డ్రయర్‌లో 16 శాతం తేమ దాకా ఆరబెట్టి, కొన్ని గంటలు బిన్‌లో ఆపి, తర్వాత రెండో డ్రయర్‌లో 14కి దించేవారట. రెండో డ్రయర్ బ్లోయర్ మోటార్ కాలిపోయింది. రిపేరుకు డబ్బులు అడిగితే, ఈ సీజన్ గడవనివ్వమని పార్ట్‌నర్లలో ఒకరు ఫోన్‌లో చెప్పారట. బియ్యం డెలివరీ గడువు దగ్గరపడుతోందని గుమాస్తా తొందరపెడుతున్నాడు. అందుకని వేడి పెంచి ఒకే దెబ్బలో 14కి దించుతున్నారు. "మరి నాకెందుకు చెప్పలేదు" అంటే, "పైవాళ్లు వద్దన్నది మళ్లీ మీకు చెప్తే మీకు మీకు గొడవ పెట్టినట్టయితది మేడమ్" అన్నాడు. రోళ్లు కూడా మార్చాల్సినవే. కొత్తవి ఆర్డర్ పెట్టలేదు.

నూక వల్ల పోతున్న డబ్బు, మోటార్ రిపేరు ఖర్చు పక్కపక్కన రాసి పార్ట్‌నర్లకు పంపాను. ఆ లెక్క మాత్రం నాకు బాగా వచ్చు. మోటార్‌కు ఒప్పుకున్నారు.

పాత హస్కర్

బంగారం లాంటి పని చేశావమ్మా. ఆపరేటర్‌ను తప్పుపట్టకు. ఆయన ఉన్న దాంతో నడిపాడు.

కోదాడ బాయిలర్

మొదటి పోస్టులో బాయిలర్ చూసే ఆయన గురించి ఒక్క మాట రాసి వదిలేశారు. నేను సర్టిఫికెట్ ఉన్న బాయిలర్ అటెండెంట్‌ను. నూక వస్తే డబ్బు పోతుంది. బాయిలర్ దగ్గర తేడా వస్తే మనుషులు పోతారు. అందుకని "పని చూడటం వస్తే చాలు" అన్నది ఇక్కడ సరిపోదు మేడమ్. ఓనరుకు ఇంకొంచెం ఎక్కువ తెలిసి ఉండాలి.

1923 నాటి బాయిలర్ల చట్టం పోయి 2025లో కొత్తది వచ్చింది. బాయిలర్‌కు తనిఖీ అయిన సర్టిఫికెట్ ఉండాలి, నడిపే మనిషికి అర్హత సర్టిఫికెట్ ఉండాలి. రెండూ మీరు మీ కళ్లతో చూడండి, గడువు తేదీలు రాసుకోండి. ఎంత ప్రెషర్ దాకా నడపొచ్చో బాయిలర్ సర్టిఫికెట్ మీద ఉంటుంది. లోపలికి వెళ్లినప్పుడల్లా గేజ్ ముల్లు ఆ అంకె లోపల ఉందో లేదో చూడండి. నీటి మట్టం చూపించే గాజు గొట్టాలు రెండుంటాయి. రెండింటిలో మట్టం ఒకేలా కనిపించాలి. షిఫ్టు మొదట్లో వాటిని బ్లో చేశారా (ఆవిరి, నీళ్లు బయటికి వదిలి గొట్టం శుభ్రం చేశారా) అని అడగండి. నీళ్లు తగ్గిన బాయిలర్ అన్నిటికన్నా ప్రమాదం. సేఫ్టీ వాల్వ్‌కు ఎవరైనా బరువు కట్టారా, తీగ చుట్టారా చూడండి. ఆవిరి వదిలేస్తోందని అట్లా చేసేవాళ్లు ఉన్నారు. అది కనిపిస్తే వెంటనే మంట ఆపించండి, ఎవరేమన్నా వినకండి.

ఇంకొకటి. మీ బాయిలర్ ఆయన సెలవు పెడితే ఎవరు చూస్తున్నారు?

వేములపల్లి మిల్లు

ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కున్నాను. సెలవు రోజుల్లో ఊక వేసే హమాలీయే చూస్తున్నాడట. ఆయనకు సర్టిఫికెట్ లేదు. ఎల్లుండి మా బాయిలర్ ఆయన చెల్లెలి పెళ్లి, మూడు రోజులు ఊరెళ్తున్నాడు. కోదాడ, మిర్యాలగూడ వైపు సర్టిఫికెట్ ఉన్నవాళ్లు మూడు రోజుల కోసం దొరుకుతారా? రోజు కూలీతో పాటు రానుపోను ఖర్చులు, భోజనం నేను చూసుకుంటాను. దొరక్కపోతే ఆ మూడు రోజులూ మిల్లు ఆపేస్తాను. గుమాస్తాకు ఆ మాట చెప్పేశాను.

కోదాడ బాయిలర్

మా బ్యాచ్ అతను ఒకరు మిర్యాలగూడలోనే ఉన్నాడు, ఈ వారం ఖాళీ. మెసేజ్‌లో నంబరు పంపుతున్నాను. ముందు రోజే రమ్మనండి, మీ బాయిలర్ ఆయన వెళ్లకముందు ఇద్దరూ కలిసి ఒక షిఫ్టు చేయాలి.